యంగ్ లైవ్స్ అధ్యయనం

యంగ్ లైవ్స్ అనేది పేదరికంలో పెరిగే పిల్లల జీవితాలను శైశవం నుండి యౌవనం వరకు విడతల వారీగా పరిశీలించే ఒక దీర్ఘకాలిక పరిశోధన. బాల్యంలోని సాంఘిక, కుటుంబ పరిస్థితులు పెద్దయిన తరువాత చదువును, ఉపాధిని, వివాహాన్ని, ఆరోగ్యాన్ని ఏ విధంగా ప్రభావితం చేస్తాయో తెలుసుకోవడం దీని ముఖ్యోద్దేశ్యం. ఇథియోపియా, భారత దేశం, పెరూ, వియత్నాం దేశాలలో సుమారు 12,000 మంది పిల్లలతో ఇది 2002లో ప్రారంభమైనది. భారత దేశం మొత్తానికి ఈ పరిశోధన కోసం ఎన్నుకొన్నది అప్పటి ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రాన్నే. 2014లో రాష్ట్రం విడిపోయిన తరువాత ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ అవే కుటుంబాలతో పని కొనసాగినది. అందువలన బాల్యానికి, యౌవనానికి గల సంబంధం గురించి అంతర్జాతీయంగా వెలువడిన అనేక పరిశోధన పత్రాలకు ఆధారం తెలుగు పిల్లల జీవితాలేనని చెప్పవచ్చును.

నేపథ్యం

"మొక్కై వంగనిది మానై వంగునా" అన్న సామెత తెలుగువారందరికీ తెలిసినదే. దీనిని సాధారణంగా క్రమశిక్షణ గురించి చెప్తారు గాని, దీని వెనుక ఒక పెద్ద ప్రశ్న దాగి ఉన్నది. చిన్ననాడు ఏర్పడినది పెద్దయిన తరువాత మారుతుందా, మారదా? ఈ ప్రశ్నకు సమాధానం అనుభవం మీద చెప్పడం తేలిక, నిరూపించడం కష్టం. పెద్దవారిని పిలిచి వారి బాల్యం గురించి అడిగితే జ్ఞాపకం మోసం చేస్తుంది. బాగుపడినవాడు పడిన కష్టాలను ఒక విధంగా, చెడినవాడు మరొక విధంగా గుర్తు పెట్టుకుంటారు. కనుక బాల్యంలోనే వివరాలు వ్రాసి పెట్టుకొని, అదే మనిషిని సంవత్సరాల తరబడి మళ్ళీ మళ్ళీ కలవడం ఒక్కటే నమ్మదగిన మార్గం.

ఇటువంటి ప్రయత్నాలు మొదట ధనిక దేశాలలో జరిగినవి. బ్రిటన్ లో 1946 మార్చి నెలలో ఒక వారం రోజులలో పుట్టిన శిశువులను ఎంచుకొని, వారిని వృద్ధాప్యం వరకు పరిశీలించారు. హవాయి దీవులలోని కవాయి ద్వీపంలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమ్మీ వెర్నర్, రూత్ స్మిత్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు నలభై ఏళ్ళ వయసు వరకు అనుసరించారు. పేదరికం, ఇంట్లో కలహాలు, తల్లిదండ్రుల మద్యపానం లేదా మానసిక వ్యాధి వంటి అనేక కష్టాలు ఒకేసారి చుట్టుముట్టిన పిల్లలలో సుమారు మూడింట రెండు వంతుల మంది చదువులోనో, ప్రవర్తనలోనో ఇబ్బంది పడగా, మూడో వంతు మంది చక్కని వ్యక్తులుగా ఎదిగినట్లు వారు కనుగొన్నారు. ఆ మూడో వంతు పిల్లలకు తాతో, అవ్వో, ఉపాధ్యాయుడో, ఎవరో ఒక పెద్ద మనిషి ఆసరా స్థిరంగా లభించినది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కూడా ఇదే బాటలో ఒక ముఖ్యమైన పని చేసినది. 1987-90 మధ్య హైదరాబాదు సమీపంలోని కొన్ని గ్రామాలలో అంగన్ వాడీల ద్వారా గర్భిణులకు, ఆరేళ్ళ లోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. ఆ పథకం ఇంకా రాని పొరుగు గ్రామాలను పోలిక కోసం తీసుకొన్నారు. 2003-05లో, అంటే ఆ పిల్లలు 13 నుండి 18 ఏళ్ళ వారైనప్పుడు, మళ్ళీ కొలిచి చూడగా ఉప్మా అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవు ఉన్నారు. గుండె జబ్బులకు, మధుమేహానికి దారి తీసే కొన్ని లక్షణాలు కూడా వారిలో తక్కువగా కనిపించినవి. 14 మిల్లీమీటర్లు చూడడానికి స్వల్పమే. కాని ఒక గిన్నెడు ఉప్మా ప్రభావం పదిహేనేళ్ళ తరువాత కూడా శరీరంలో నిలిచి ఉండడం గమనించదగిన విషయం.

యంగ్ లైవ్స్ ఈ రెండు సంప్రదాయాలను కలిపినది. శరీరాన్ని కొలవడంతో పాటు ఇంటి ఆర్థిక స్థితిని, కులాన్ని, బడిని, పిల్లల ఆశలను కూడా నమోదు చేయడం దీని ప్రత్యేకత.

పిల్లల ఎంపిక

పరిశోధనను ఇంగ్లాండులోని ఆక్స్ ఫర్డ్ విశ్వవిద్యాలయం నిర్వహించినది. బ్రిటిష్ ప్రభుత్వపు అంతర్జాతీయ అభివృద్ధి శాఖ నిధులు సమకూర్చినది (ఈ శాఖ 2020లో ఆ దేశపు విదేశాంగ శాఖలో విలీనమైనది). రాష్ట్రంలో సర్వే పనిని హైదరాబాదులోని ఆర్థిక, సామాజిక అధ్యయన కేంద్రం చేపట్టినది. ఎంచుకొన్న కొద్దిమంది పిల్లలతో తీరికగా జరిపే ముఖాముఖి సంభాషణలను తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం పరిశోధకులు నిర్వహించారు.

కోస్తా నుండి శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, రాయలసీమ నుండి అనంతపురం, కడప, తెలంగాణ నుండి కరీంనగర్, మహబూబ్ నగర్ జిల్లాలను, వీటితో పాటు హైదరాబాదు నగరాన్ని ఎంచుకొన్నారు. ఇవన్నీ 2002 నాటి జిల్లాల సరిహద్దులు. మొత్తం 20 స్థలాలలో ఒక్కొక్క చోట సుమారు 100 మంది ఏడాది పిల్లలను, 50 మంది ఎనిమిదేళ్ళ పిల్లలను యాదృచ్ఛికంగా తీసుకొన్నారు. ఆ విధంగా 2001-02లో పుట్టిన 2,011 మంది చిన్న బృందంగా, 1994-95లో పుట్టిన 1,008 మంది పెద్ద బృందంగా ఏర్పడ్డారు. పేదరికాన్ని అధ్యయనం చేయడమే లక్ష్యం కాబట్టి వెనుకబడిన మండలాలకు ప్రాధాన్యం ఇచ్చారు. పిల్లలలో దాదాపు సగం మంది వెనుకబడిన తరగతుల వారు. షెడ్యూల్డు కులాలు, షెడ్యూల్డు తెగల పిల్లలు కూడా చెప్పుకోదగినంత మంది ఉన్నారు.

రెండు బృందాలు ఎందుకన్న సందేహం కలుగవచ్చును. పెద్ద బృందం పిల్లలు 2002లో ఎనిమిదేళ్ళ వారు. చిన్న బృందం పిల్లలకు అదే వయసు 2009లో వచ్చినది. ఒకే మండలాలలో, ఒకే వయసులో, ఏడేళ్ళ తేడాతో ఉన్న ఇద్దరు పిల్లలను పోల్చితే ఆ ఏడేళ్ళలో సమాజంలో వచ్చిన మార్పు తెలుస్తుంది. ఒకే పిల్లవాడిని ఏడేళ్ళ తేడాతో చూస్తే వయసుతో వచ్చిన మార్పు తెలుస్తుంది. ఈ రెండింటినీ విడదీయడం ఒక్క బృందంతో సాధ్యం కాదు.

మొదటి విడత 2002లోను, తరువాతివి 2006-07, 2009, 2013-14, 2016-17 సంవత్సరాలలోను జరిగినవి. ప్రతి విడతలో ఎత్తు, బరువు కొలుస్తారు. ఇంటి గోడలు, పైకప్పు, మంచినీరు, మరుగుదొడ్డి, ఇంట్లోని వస్తువులు చూసి సంపద సూచీ తయారు చేస్తారు. నాలుగు బొమ్మలు చూపి, చెప్పిన మాటకు సరిపోయే బొమ్మను వేలితో చూపమనే పదజాల పరీక్షను తెలుగులో తయారు చేసి పెట్టారు. తొమ్మిది మెట్ల నిచ్చెనను ఊహించుకోమని చెప్పి, పై మెట్టు అతి మంచి జీవితం, కింది మెట్టు అతి హీనమైన జీవితం అనుకుంటే నీవు ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నావని అడుగుతారు. లెక్కల పరీక్షలో రాని చాలా విషయాలు ఈ ప్రశ్నతో బయటపడతాయి.

పిల్లల పేర్లను మాత్రమే కాక వారి గ్రామాల పేర్లను కూడా మార్చి ప్రచురిస్తారు. చిన్న ఊళ్ళో ఒక బాలిక కథ వ్రాస్తే, పేరు మార్చినా ఆమె ఎవరో తెలిసిపోయే ప్రమాదం ఉండడమే దీనికి కారణం.

మొదటి ఐదేళ్ళు

ఏడాది వయసుకే పిల్లల మధ్య అంతరాలు స్పష్టంగా కనిపించడం మొదటి విడత ఫలితాలలో ముఖ్యమైనది. వయసుకు తగిన ఎత్తు లేకపోవడాన్ని గిడసబారడం అంటారు. దీర్ఘకాలం సరైన తిండి లేకపోవడం, మాటిమాటికీ జబ్బు పడడం దీనికి కారణాలు. చిన్న బృందంలో సుమారు మూడింట ఒకరు ఇలా గిడసబారి ఉన్నారు. పేద ఇళ్ళలో, చదువుకోని తల్లులకు పుట్టిన పిల్లలలో ఈ సంఖ్య మరింత ఎక్కువ.

గిడసబారిన శిశువు పెరిగిన తరువాత పొట్టిగా ఉండడం ఒక్కటే సమస్య కాదు. అటువంటి పిల్లలు అయిదేళ్ళ వయసులో, ఎనిమిదేళ్ళ వయసులో పదజాలంలోను, లెక్కలలోను సగటున వెనుకబడి ఉన్నారు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తిండి తక్కువైన ఇంట్లోనే పుస్తకం కూడా ఉండదు, తల్లికి చదువు ఉండదు, ఊరికి మంచి బడి ఉండదు. వెనుకబాటుకు కారణం వీటిలో ఏదో తేల్చడం కష్టం. పరిశోధకులు ఇతర కారణాలను లెక్కలోకి తీసుకొన్న తరువాత కూడా తొలి పోషణ ప్రభావం కొంత మిగిలే ఉన్నది గాని, దాని బరువు తగ్గినది.

అంతకంటే ఆసక్తికరమైన విషయం మరొకటి ఉన్నది. తొలి రెండేళ్ళలో జరిగిన నష్టం ఇక పూడదని అంతకు ముందు చాలామంది వైద్యులు భావించేవారు. కాని యంగ్ లైవ్స్ పిల్లలలో ఏడాది వయసులో గిడసబారినవారు కొందరు ఎనిమిదేళ్ళకు ఆ స్థితి నుండి బయటపడ్డారు. అలా తేరుకొన్నవారు పరీక్షలలో కూడా, తేరుకోనివారి కంటే మెరుగ్గా ఉన్నారు. దీనికి వ్యతిరేకంగా, ఏడాది వయసులో బాగానే ఉండి తరువాత గిడసబారిన పిల్లలు కూడా ఉన్నారు. అంటే తలుపు మూసుకొనేది ఒక్కసారే కాదు, తెరుచుకొనేదీ ఒక్కసారే కాదు.

కరువు, కుటుంబం, పథకాలు

2002లో దేశంలో తీవ్రమైన కరువు వచ్చినది. అనంతపురం, మహబూబ్ నగర్ వంటి వర్షాధార జిల్లాలలో అటువంటి సంవత్సరం కుటుంబం ఏం చేస్తుందో అక్కడివారికి చెప్పనవసరం లేదు. గొర్రెలను, ఎడ్లను అమ్ముతారు, అప్పు చేస్తారు, వలస పోతారు, పూటకు పూట తగ్గించుకొంటారు. వీటిలో చివరిది శిశువు శరీరంలో నమోదవుతుంది.

రాష్ట్రంలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో వండిన మధ్యాహ్న భోజనం 2003 జనవరిలో మొదలైనది. అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ అనే ఆర్థిక శాస్త్రవేత్తలు యంగ్ లైవ్స్ వివరాలను ఉపయోగించి, శైశవంలో కరువును చవిచూసిన పిల్లలపై ఈ భోజనం ప్రభావాన్ని పరిశీలించారు. కరువు వలన పెరుగుదలలో వచ్చిన లోటును బడిలో దొరికిన భోజనం పూడ్చగలిగినట్లు వారు కనుగొన్నారు. మధ్యాహ్న భోజనాన్ని హాజరు పెంచే ఉపాయంగా మాత్రమే చూసేవారికి ఇది కొత్త విషయం. ఆలస్యంగా అయినా అందిన అన్నం, ముందు జరిగిన నష్టాన్ని కొంత సరిదిద్దగలదన్న మాట.

ఉపాధి హామీ పథకం గురించి కూడా ఇటువంటి ఫలితాలే వచ్చినవి. ఈ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే ప్రారంభించారు. పథకం అందుబాటులో ఉన్న కుటుంబాలలో శైశవపు కరువు దెబ్బ పిల్లలపై కొంత తగ్గినట్లు ఒక పరిశోధన తెలిపినది. తల్లికి దొరికిన పనిదినాలు పెరిగినకొద్దీ పిల్లలు బడిలో గడిపే సమయం పెరిగినట్లు మరొక పరిశోధన చూపినది. తల్లి చేతికి వచ్చిన కూలి ఇంటి నిర్ణయాలలో ఆమె మాటకు విలువ పెంచడం దీనికి ఒక వివరణ.

కరువు కాక కుటుంబాన్ని దెబ్బ తీసే మరొక విషయం అనారోగ్యం. తండ్రి మంచాన పడితే ఆసుపత్రి ఖర్చు, పోయిన కూలి రెండూ ఒకేసారి మీద పడతాయి. ఆ లోటును పూడ్చేది చాలాసార్లు ఇంటి పెద్ద పిల్లలే. కొడుకు కూలికి పోతాడు, కూతురు ఇంటి పని, తమ్ముళ్ళ సంరక్షణ చూసుకొంటుంది. ఒకే ఇంట్లో పుట్టిన అన్నదమ్ములు వేర్వేరు జీవితాలు గడపడానికి తెలివితేటలే కారణమని అనుకోవడం పొరపాటు. కష్టం వచ్చిన సంవత్సరానికి ఎవరు ఏ తరగతిలో ఉన్నారన్నది కూడా అంతే ముఖ్యం.

బడి ప్రభావం

2002లో ఎనిమిదేళ్ళ పిల్లలలో సుమారు 24 శాతం మంది ప్రైవేటు బడికి వెళ్ళేవారు. 2009లో అదే వయసు పిల్లలలో ఈ సంఖ్య 44 శాతానికి చేరినది. ఏడేళ్ళలో ఇంత మార్పు రావడం అసాధారణం. ఆంగ్ల మాధ్యమం మీద మోజు, కాస్త కూలి రేట్లు పెరగడం, ప్రభుత్వ బడిపై నమ్మకం తగ్గడం దీనికి కారణాలుగా చెప్తారు. అయితే ఇంట్లో ఇద్దరు పిల్లలు ఉండి ఒకరికి మాత్రమే ఫీజు కట్టగలిగినప్పుడు, ఆ ఒకరు తరచుగా కొడుకే అయినాడు. అక్క ప్రభుత్వ బడికి నడిచి వెళ్తుంటే తమ్ముడు ఆటోలో కాన్వెంటుకు వెళ్ళడం తెలుగు పల్లెలలో సర్వసాధారణ దృశ్యం.

ప్రైవేటు బడి వలన నిజంగా చదువు పెరిగినదా అన్న ప్రశ్నకు అభిజీత్ సింగ్ ఇచ్చిన సమాధానం అంత సూటిగా లేదు. పల్లెలలో చిన్న తరగతుల పిల్లలకు ముఖ్యంగా ఆంగ్లంలో మేలు కలిగినది. పట్టణాలలో మాత్రం, పిల్లల ఇంటి నేపథ్యాన్ని లెక్కలోకి తీసుకొన్న తరువాత, చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఇంటి వలన వచ్చిన గుణాన్ని బడి ఖాతాలో వేసుకోవడం ఎంత సులభమో దీనిని బట్టి తెలుస్తుంది.

నాలుగు దేశాలను పోల్చినప్పుడు మరొక సంగతి బయటపడినది. అయిదేళ్ళ వయసులో వియత్నాం పిల్లలకు, తెలుగు పిల్లలకు మధ్య తేడా కొద్దిగానే ఉన్నది. ఎనిమిదేళ్ళకు అది చాలా పెరిగినది. ఒక సంవత్సరం బడికి పోవడం వలన వియత్నాం పిల్లవాడు నేర్చుకొన్నంత ఇక్కడి పిల్లవాడు నేర్చుకోలేకపోవడమే ఇందుకు ప్రధాన కారణం. కనుక పిల్లల వెనుకబాటును పూర్తిగా కుటుంబంపై నెట్టడం సరి కాదు.

పన్నెండు నుండి పదిహేను ఏళ్ళు

తొలి సంవత్సరాల ప్రాముఖ్యం గురించి చాలామంది వ్రాశారు. యంగ్ లైవ్స్ ప్రత్యేకంగా వెలుగులోకి తెచ్చినది రెండవ మలుపును. పన్నెండేళ్ళ వరకు దాదాపు అందరు పిల్లలూ బడిలోనే ఉన్నారు. తల్లిదండ్రులలో ఎక్కువమంది, నిరక్షరాస్యులు కూడా, తమ పిల్లలు కాలేజీ చదువులు చదవాలని కోరుకొన్నారు. పేదలకు చదువు మీద ఆసక్తి లేదన్న పాత అభిప్రాయానికి ఈ సమాధానాలలో ఆధారం దొరకదు. కాని 2013లో పెద్ద బృందం 19 ఏళ్ళకు చేరేసరికి వారిలో దాదాపు సగం మంది మాత్రమే చదువుకొంటున్నారు. మిగిలినవారు దారి తప్పినది ఎక్కువగా పన్నెండు, పదిహేను ఏళ్ళ మధ్యనో, పదవ తరగతి తరువాతనో.

పని దీనికి ఒక కారణం. పత్తి విత్తనోత్పత్తి జరిగే ఒక గ్రామంలో పరిశోధకులు పిల్లలతో చాలా కాలం మాట్లాడారు. సంకర పత్తి విత్తనం తయారీకి ప్రతి మొగ్గలోని పుప్పొడి కాడలను ముందు రోజు చేతితో తొలగించి, మరునాటి ఉదయం వేరే మొక్క పువ్వును దానికి రాయాలి. రైతులు దీనిని క్రాసింగ్ అంటారు. మొక్కల ఎత్తు, వేళ్ళ సన్నదనం, తక్కువ కూలి అన్న సాకుతో ఈ పనికి బాలికలను పిలుస్తారు. రెండు మూడు నెలల ఈ పని కాలం సరిగ్గా విద్యా సంవత్సరం మధ్యలో వస్తుంది. తిరిగి బడికి వెళ్ళేసరికి పాఠాలు ముందుకు పోయి ఉంటాయి. పిల్లలు ఈ పనిని కేవలం శిక్షగా చెప్పలేదన్నది కూడా పరిశోధకులు దాచలేదు. ఆ కూలితో పుస్తకాలు, బట్టలు కొనుక్కొన్నామని, ఇంటికి సాయపడ్డామని కొందరు గర్వంగా చెప్పారు. పని మానితే చదువు సాగుతుందని చట్టం అనుకొంటుంది. ఆ కూలి లేకపోతే చదువు సాగని ఇళ్ళు కూడా ఉన్నవి.

దూరం మరొక కారణం. ప్రాథమిక పాఠశాల ఊళ్ళోనే ఉంటుంది, ఉన్నత పాఠశాల పక్క ఊళ్ళో, జూనియర్ కాలేజీ మండల కేంద్రంలోనో, పట్టణంలోనో ఉంటుంది. బాలుడికి ఇది బస్సు ఛార్జీ సమస్య. బాలికకు మాత్రం ఇది పరువు సమస్యగా మారుతుంది.

బాలికల వివాహం

పెద్ద బృందంలోని ఆడపిల్లలలో 37 శాతం మందికి 19 ఏళ్ళు వచ్చేసరికి పెళ్ళి అయినది. మగపిల్లలలో ఈ సంఖ్య 2 శాతం మాత్రమే. ఆడపిల్లలలో 28 శాతం మంది చట్టం చెప్పిన 18 ఏళ్ళు నిండక ముందే అత్తవారింటికి వెళ్ళారు. పెళ్ళయిన వారిలో సగానికి పైగా అప్పటికే తల్లులయ్యారు. బాల్య వివాహ నిషేధ చట్టం 2006లోనే వచ్చినదని ఇక్కడ గుర్తు చేసుకోవాలి.

పదిహేనేళ్ళకే బడి మానిన బాలికలకు 18 ఏళ్ళ లోపు పెళ్ళి అయ్యే అవకాశం, బడిలో కొనసాగినవారి కంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువ. దీని అర్థం బడి పెళ్ళిని ఆపినదా, లేక పెళ్ళి నిశ్చయం కావడం వలన బడి మాన్పించారా? రెండూ జరిగినవి. తల్లిదండ్రులతో జరిగిన సంభాషణలలో కొన్ని మాటలు మళ్ళీ మళ్ళీ వచ్చినవి. రజస్వల అయిన పిల్లను ఇంట్లో ఉంచుకోవడం గుండె మీద కుంపటి. వయసు పెరిగినకొద్దీ, చదువు పెరిగినకొద్దీ కట్నం పెరుగుతుంది, ఎక్కువ చదివిన పిల్లకు ఇంకా ఎక్కువ చదివిన వరుణ్ణి తేవాలి. అక్క పెళ్ళిలోనే చెల్లెలి పెళ్ళి కూడా కలిపి చేస్తే ఖర్చు కలిసివస్తుంది. మేనమామ సంబంధం సిద్ధంగా ఉంటే కాదనడం కష్టం. ఈ లెక్కలలో ఏ ఒక్కటీ ప్రేమ లేకపోవడం వలన వచ్చినది కాదు. తల్లిదండ్రులు తమకు తెలిసిన ప్రమాదాల నుండి కూతురిని కాపాడుతున్నామనే అనుకొంటున్నారు.

అయినా ఈ ఫలితాలు అన్ని ఇళ్ళలో ఒకే విధంగా లేవు. తల్లి కొంతైనా చదువుకొన్న ఇంట్లో, తల్లిదండ్రులు కూతురి చదువుపై పన్నెండేళ్ళ వయసులోనే పెద్ద ఆశ పెట్టుకొన్న ఇంట్లో పెళ్ళి ఆలస్యమైనది. సాంఘిక సంక్షేమ హాస్టలులోనో, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలోనో సీటు దొరకడం వంటిది దూరపు సమస్యను, పరువు సమస్యను ఒకేసారి తీర్చగలదు.

తేరుకొన్నవారు

పేదరికంలో పుట్టి, గిడసబారి, కరువు చూసి, అయినా డిగ్రీ చదువుతున్న యువకులు, యువతులు ఈ బృందాలలో ఉన్నారు. వీరి కథలలో కనిపించే సామాన్యాంశాలు కవాయి ద్వీపపు కథలకు దగ్గరగా ఉండడం విశేషం. కష్టకాలంలో ఫీజు కట్టిన మేనమామ, ఇంటికి వచ్చి తండ్రితో మాట్లాడిన మాస్టారు, తాను బడి మాని తమ్ముణ్ణి చదివించిన అన్న. ఈ చివరి ఉదాహరణలో ఒకరి విజయం వెనుక మరొకరి నష్టం ఉన్నది. అన్న కూడా అదే అధ్యయనంలో భాగమై ఉంటే అతడు వైఫల్యంగా నమోదయ్యేవాడు.

వ్యక్తి పట్టుదల పాత్ర లేదని కాదు. అయితే పట్టుదల కూడా ఇంటి పరిస్థితులతో కలిసి పెరిగేదే. నా జీవితం నా చేతుల్లో ఉన్నది అన్న భావన ఎంత బలంగా ఉన్నదో పిల్లలను వేర్వేరు వయసులలో అడిగారు. నేటి ప్రయత్నం రేపు ఫలిస్తుందని నమ్మడానికి, అలా ఫలించిన మనిషి ఎవరైనా కంటి ముందు ఉండాలి.

పరిమితులు

ఈ ఫలితాలను మొత్తం రాష్ట్రానికో, దేశానికో సగటుగా తీసుకోరాదు. ఎంపికలో వెనుకబడిన మండలాలకే ప్రాధాన్యం ఉన్నది. 37 శాతం అంటే ఆ 20 స్థలాలలోని ఆ బృందానికి సంబంధించిన సంఖ్య మాత్రమే. వివాహ వయసు, సంపాదన వంటి ప్రశ్నలకు కుటుంబాలు ఇచ్చే జవాబులు ఎప్పుడూ పూర్తిగా నిజం కాకపోవచ్చును.

ఇరవై ఏళ్ళ పాటు ఒక కుటుంబాన్ని ప్రశ్నలు అడుగుతూ, ఆ కుటుంబం అప్పులో మునిగినప్పుడు వ్రాసుకొని వెళ్ళిపోవడం సమంజసమా అన్న ప్రశ్న కూడా ఉన్నది. పరిశోధకులు జోక్యం చేసుకొంటే పరిశోధన చెడుతుంది, చేసుకోకపోతే మనసు ఒప్పదు. ఇటువంటి అధ్యయనాలన్నింటికీ ఇది తప్పని చిక్కు. అయినప్పటికీ ఎక్కువ కుటుంబాలు విడత తరువాత విడతకు తలుపు తీశాయి. మధ్యలో తప్పిపోయినవారి సంఖ్య ఇటువంటి పరిశోధనలతో పోల్చితే చాలా తక్కువ.

2020 తరువాత

ఆరవ విడత సర్వే మొదలయ్యే సమయానికి కోవిడ్ వ్యాపించినది. ఇళ్ళకు వెళ్ళడం వీలుకాక 2020, 2021 సంవత్సరాలలో టెలిఫోను ద్వారా వివరాలు సేకరించారు. అప్పటికి చిన్న బృందానికి 19 ఏళ్ళు, పెద్ద బృందానికి 26 ఏళ్ళు. ఆన్ లైన్ తరగతులు స్మార్ట్ ఫోను, సిగ్నలు ఉన్న ఇళ్ళకే ఎక్కువగా అందినవి. కాలేజీలు మూతపడిన కాలంలో అమ్మాయిలపై ఇంటి పని భారం పెరిగినది, చదువు తెగినవారిలో అందరూ తిరిగి చేరలేదు. పేద ఇళ్ళలోని యువత ముందుగా ఉపాధి కోల్పోయి, తరువాత మరింత అస్థిరమైన పనులలోకి వెళ్ళినట్లు గమనించారు.

ఏడవ విడత 2023-24లో మళ్ళీ ముఖాముఖిగా జరిగినది. చిన్న బృందం 22 ఏళ్ళకు చేరినందున, 2016లో 22 ఏళ్ళు ఉన్న పెద్ద బృందంతో వారిని పోల్చడానికి దీనితో వీలు కలిగినది. గుర్తింపు వివరాలు తొలగించిన సమాచారాన్ని బ్రిటన్ లోని డేటా ఆర్కైవులో పరిశోధకులకు అందుబాటులో ఉంచుతున్నారు, విద్యార్థులు కూడా నమోదు చేసుకొని వాడుకోవచ్చును. 2002లో ఎనిమిదేళ్ళ బాలికలుగా ఎత్తు కొలిపించుకొన్నవారిలో అనేకులు ఇప్పుడు తల్లులు. వారి పిల్లల ఎత్తును, బరువును కూడా తరువాతి విడతలలో కొలవడం మొదలుపెట్టారు.